వైన్ జాబితా చేతికొచ్చినప్పుడు

పెళ్ళిరోజు పేరుతోనో, ప్రమోషన్ సందర్భంగానో, హైదరాబాద్ ఆఫీసు నుంచి వచ్చిన పెద్దాయనకి మర్యాద చేయాల్సి వచ్చో, బే ఏరియాలో ఉండే తెలుగువాళ్ళు అప్పుడప్పుడూ దగ్గరి పొలాల సరుకుతో వండే ఖరీదైన ఫామ్ టు టేబుల్ రెస్టారెంట్ మెట్లెక్కుతుంటారు. తిండి విషయంలో మనవాళ్ళకి బెరుకు లేదు. సూపులో చికెన్ స్టాక్ కలిపారా, ఈ పుట్టగొడుగులు ఎక్కడివి, కారం కాస్త పెంచుతారా అని నిలదీసి అడుగుతారు. తరవాత తోలు అట్ట వేసిన వైన్ జాబితా బల్ల మీదకొస్తుంది. మాటలు ఆగిపోతాయి. ఎవరి చేతికి ఇచ్చారో వాళ్ళు రెండు పేజీలు తిప్పి, కళ్ళు కుడివైపు అంకెల మీదే ఉంచి, మరీ చవకది కాకుండా ఏదో ఒకటి వేలితో చూపించి మూసేస్తారు.

ఈ అధ్యాయం ఆ రెండు నిమిషాల గురించి. గ్లాసు తిప్పి, వాసన చూసి, చెర్రీలూ పొగాకూ కనిపించాయని చెప్పడం నేర్పే పుస్తకాలు బోలెడున్నాయి. నాకు వాటితో పేచీ లేదు కానీ, ఒక రెస్టారెంటు వైన్ విషయంలో శ్రద్ధగా ఉందా లేదా తేల్చడానికి ఆ విద్య అక్కర్లేదు. కొలబద్ద వాళ్ళే మీ చేతికిచ్చారు. క్యారెట్ పక్కన పొలం పేరు రాసింది వాళ్ళే, మేకపాల జున్ను ఏ కుటుంబం చేసిందో చెప్పింది వాళ్ళే. మూడు డాలర్ల క్యారెట్‌కి చెప్పిన వివరం నూట ఇరవై డాలర్ల సీసాకి ఎందుకు చెప్పలేరు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలు, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

పొలం పేరు చెప్పే ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో కాస్త తెలుసుకుంటే మేలు. 1971 ఆగస్టు 28న బర్క్‌లీలోని షాటక్ అవెన్యూలో ఆలిస్ వాటర్స్ షే పనీస్ తెరిచారు. ఆ రోజు ఏం దొరికితే అదే మెనూ, పండించినవాళ్ళ పేరు మెనూ మీద అనే అలవాటు అమెరికాలో పాకడానికి ఈ రెస్టారెంటు పెద్ద కారణం. ఫ్రెస్నో దగ్గర మసుమోటో కుటుంబం పండించిన పీచ్ పండుని ఏ హంగూ లేకుండా అలాగే పళ్ళెంలో పెట్టి ఇచ్చిన చోటు అది. మరుసటి ఏడాది, 1972లో, అదే ప్రాంతంలో కెర్మిట్ లించ్ అనే ఆయన చిన్న వైన్ దుకాణం పెట్టాడు. వ్యాపారుల దగ్గర కొనకుండా ఫ్రాన్స్ పల్లెల్లో తిరిగి, పండించేవాడి నేలమాళిగలోనే పీపా నుంచి రుచి చూసి కొనడం ఆయన పద్ధతి. ఓడలో ఎండకి వైన్ పాడవుతోందని శీతల కంటెయినర్లలో తెప్పించడం మొదలుపెట్టినవాళ్ళలో ఆయనొకడు. ప్రొవాన్స్‌లోని బాందోల్‌లో డొమేన్ టాంపియే అని పేరో కుటుంబం నడిపిన తోట ఉంది. దాని వైన్లు షే పనీస్ బల్లల మీదకి వచ్చింది ఈ దారినే.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. బాందోల్ అంటే బర్క్‌లీకి కొన్ని వేల మైళ్ళ దూరం. కాకరకాయైనా యాభై మైళ్ళ లోపలే కొంటామని చెప్పుకునే వంటిల్లు, ఫ్రాన్స్ వైన్ పోస్తే అది బూటకం కాదా? కాదనే నా అభిప్రాయం. పాలకూర మూడో రోజుకి వాడిపోతుంది కాబట్టి పక్క ఊరిది కావాలి. వైన్ ప్రయాణం చేయడానికే పుట్టిన వస్తువు. దూరం కంటే పరిచయం ముఖ్యం. ఆ సీసా వెనక ఒక మనిషీ ఒక కొండవాలూ ఉన్నాయనీ, వాటి గురించి ఈ రెస్టారెంటులో కనీసం ఒక్కరికి తెలుసనీ మనకి నమ్మకం కలగాలి.

అలాగని ఊరి వైన్‌ని పూర్తిగా వదిలేస్తే ఒప్పుకోను. సోనోమా కౌంటీలోని హీల్డ్స్‌బర్గ్‌లో కూర్చుని జాబితాలో పక్కనే ఉన్న డ్రై క్రీక్ లోయ జిన్‌ఫండెల్ ఒక్కటీ కనపడకపోతే ఆ జాబితా ఎవరో ఎక్కడో కూర్చుని రాసినదన్నమాట. న్యూయార్క్ వైపు ఇలాంటి రెస్టారెంటుకి వెళ్తే ఫింగర్ లేక్స్ రీస్లింగ్ కోసం వెతకండి. అతి చల్లటి ఆ ప్రాంతంలో యూరప్ ద్రాక్ష బతకదని అందరూ అంటుంటే, కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ 1962లో అక్కడ వైనరీ పెట్టి బతుకుతుందని చూపించాడు. అలాంటి చరిత్ర పక్కనే పెట్టుకుని దాన్ని పట్టించుకోని రెస్టారెంటు, మెనూ మీద పొలాల పేర్లు కూడా అలంకారానికే రాసి ఉండొచ్చు.

ఇంటి దగ్గరే చదవండి

ఇప్పుడు చాలా రెస్టారెంట్లు వైన్ జాబితా తమ వెబ్‌సైట్‌లో పెడుతున్నాయి. బల్ల దగ్గర, నలుగురూ చూస్తుండగా, మసక వెలుతురులో చదవడం కంటే ముందురోజు రాత్రి సోఫాలో కూర్చుని చదవడం వెయ్యి రెట్లు నయం. పేర్లు గుర్తుపట్టకపోయినా పరవాలేదు. ఒక్కో వరసలో ఏముందో చూడండి. చేసినవాళ్ళ పేరు, ప్రాంతం, పంట ఏడాది, ఈ మూడూ ఉండాలి. ఏడాది రాయని జాబితా సోమరి జాబితా. 2019 వైన్ అయిపోయి 2021 వచ్చినా చెప్పకుండా పోసేస్తారు. జాబితా మీద తేదీ ఉందో లేదో చూడండి. మెనూ ప్రతిరోజూ మారుతుందని గొప్ప చెప్పుకునే వంటింటికి, ఆరు నెలలుగా మారని గ్లాసు వైన్ల పట్టీ ఉంటే రెండు విభాగాలూ మాట్లాడుకోవడం లేదని అర్థం.

సూపర్‌మార్కెట్‌లో మీ ఇంటి దగ్గరే దొరికే పేర్లు ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టండి. ఒకటో రెండో ఉంటే తప్పేం లేదు, అవి తెలిసినవే తాగుతామనేవాళ్ళ కోసం. పేజీ నిండా అవే ఉంటే మాత్రం పంపిణీదారుడు పంపిన కాగితానికి అట్ట వేసి ఇచ్చారనుకోవచ్చు.

లేబుల్ మీది మాటల్లో కొన్నింటికి అమెరికాలో చట్టం బలం ఉంది, కొన్నింటికి లేదు. నాపా లోయ, డ్రై క్రీక్ లోయ లాంటి గుర్తింపు పొందిన ప్రాంతం పేరు రాస్తే అందులో 85 శాతం ద్రాక్ష అక్కడిదే కావాలి. ఒక తోట పేరే రాస్తే 95 శాతం. ‘ఎస్టేట్ బాటిల్డ్’ అన్నారంటే వంద శాతం వాళ్ళ సొంతదో, వాళ్ళ అజమాయిషీలో ఉన్నదో అయిన తోట నుంచి రావాలి. తోటా వైనరీ ఒకే ప్రాంతంలో ఉండాలి. మరి ‘రిజర్వ్’ అని పెద్ద అక్షరాలతో రాస్తే? దానికి అక్కడ చట్టపరంగా ఏ నిర్వచనమూ లేదు. ఎవరైనా రాసుకోవచ్చు. ‘సస్టైనబుల్’ అనే ముద్రలు రకరకాల సంస్థలవి. వాటిలో చాలావాటి కింద, ఆర్గానిక్‌లో నిషిద్ధమైన రసాయన కలుపుమందులు కొట్టినా ముద్ర పోదు. ‘ఆర్గానిక్ వైన్’ అనే మాటకి మాత్రం అమెరికాలో గట్టి అర్థం ఉంది: ద్రాక్ష ఆర్గానిక్, పైనుంచి సల్ఫైట్లు కలపకూడదు. ‘ఆర్గానిక్ ద్రాక్షతో చేసినది’ అంటే పరిమితిలో సల్ఫైట్లు కలపొచ్చు. బయోడైనమిక్ అనేది మరో లోకం. రుడాల్ఫ్ స్టైనర్ 1924లో ఇచ్చిన ఉపన్యాసాల నుంచి వచ్చిన పద్ధతి. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, తరవాత నీళ్ళలో కలిపి పొలమంతా చల్లుతారు. జీవామృతం కలిపే మన రైతుకి పేడ దగ్గర ఆశ్చర్యమేమీ ఉండదు, కొమ్ము దగ్గర మాత్రం నవ్వొస్తుంది.

క్యూపర్టినోలో ఇల్లున్న తెలుగువాళ్ళకి ఒక మాట. మీ ఇంటి కిటికీలోంచి కనిపించే ఆ కొండ మీదే రిడ్జ్ అనే వైనరీ వాళ్ళ మాంటే బెల్లో తోట ఉంది. 1976 పారిస్ పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు లేబుల్ కనపడకుండా పోసిన వైన్లలో కాలిఫోర్నియా వాటిని మొదటి స్థానంలో పెట్టినప్పుడు, ఎర్ర వైన్లలో రిడ్జ్ 1971 పంటది ఐదో స్థానంలో నిలిచింది. ముప్ఫై ఏళ్ళ తరవాత 2006లో అవే ఎర్ర వైన్లని మళ్ళీ రుచి చూస్తే అదే మొదటిది అయింది. నాకు అంతకంటే నచ్చింది ఇంకొకటుంది. 2011 పంట నుంచి వాళ్ళు సీసా మీద ఏమేం వాడారో రాస్తున్నారు. అమెరికాలో బిస్కెట్ ప్యాకెట్ మీద పదార్థాలు రాయాలి కానీ వైన్ మీద రాయక్కర్లేదు. యూరప్‌లో కూడా ఈ నియమం 2023 డిసెంబరులోనే మొదలైంది. అడగకముందే చెప్పే ఇలాంటి తోటల వైన్లు జాబితాలో ఎన్నున్నాయన్నది మంచి గీటురాయి.

ఇక గోడమీద వేలాడే బిరుదుల సంగతి. వైన్ స్పెక్టేటర్ పత్రిక రెస్టారెంట్లకి ఏటా అవార్డులిస్తుంది. మొదటి మెట్టుకి కనీసం 90 వైన్లు, పై మెట్టుకి 350, అన్నిటికంటే పెద్దదానికి వెయ్యి అటూఇటూ ఉండాలి. 2008లో రాబిన్ గోల్డ్‌స్టీన్ అనే రచయిత మిలాన్‌లో ఉన్నట్టు ఒక రెస్టారెంటుని కాగితం మీద సృష్టించాడు. 250 డాలర్ల రుసుం కట్టి, జాబితా పంపాడు. అందులో ఖరీదైన వైన్లన్న చోట ఆ పత్రికే తక్కువ మార్కులు వేసి తిట్టినవి ఏరి పెట్టాడు. లేని రెస్టారెంటుకి మొదటి మెట్టు అవార్డు వచ్చింది. అవార్డులన్నీ పనికిమాలినవని నేననను. పై మెట్ల కోసం పరిశీలన గట్టిగానే ఉంటుంది. కానీ అద్దాల ఫ్రేము చూసి జాబితా చదవడం మానేయకండి. పైగా వెయ్యి వైన్లున్న చోట మీకు కావాల్సినది వెతుక్కునే భారం మీ మీదే పడుతుంది. అరవై సీసాలతో, ప్రతి దానికీ ఒక కారణం చెప్పగలిగే జాబితానే నేను ఎక్కువగా గౌరవిస్తాను.

డబ్బు మాట

మనం చెప్పుకోడానికి మొహమాటపడే సంగతి ఇదే కాబట్టి, వివరంగా చూద్దాం.

రెస్టారెంటు ఒక సీసాని ఇరవై డాలర్లకి టోకుగా కొంటే, దుకాణంలో అది ముప్ఫై దగ్గర దొరుకుతుంది. టోకు ధరకి మూడింతలు వేయడం ఈ వ్యాపారంలో మామూలు. అంటే జాబితాలో అరవై. గ్లాసులు కడగాలి, పగిలితే కొనాలి, నిల్వగదికి కరెంటు కట్టాలి, తెలిసిన మనిషికి జీతమివ్వాలి కాబట్టి దీన్ని దోపిడీ అనలేం. ఖరీదైన చోట డెబ్బై ఐదు అన్నా ఊరుకోవచ్చు. ముప్ఫైది నూటపది అయితే మాత్రం మీరు కొంటున్నది వైన్ కాదు, గోడలకి కొట్టిన రంగు. వైన్ సెర్చర్ లాంటి సైట్లలో పేరూ ఏడాదీ కొడితే దుకాణం ధర క్షణంలో కనిపిస్తుంది. ముందురోజు రాత్రి ఒక నాలుగు వైన్లకి ఈ లెక్క చూడండి, ఆ రెస్టారెంటు స్వభావం తెలిసిపోతుంది. మంచి నిర్వాహకులు ఖరీదైన సీసాల మీద తక్కువ రెట్లు వేస్తారు. నూటయాభైకి కొన్నదాన్ని నాలుగువందల యాభైకి పెట్టే బదులు మూడువందలకే పెట్టి, తెలిసినవాళ్ళకి సంతోషం కలిగిస్తారు.

అన్నిటికంటే చవకదాని పైన ఉన్న రెండోదాన్ని మొహమాటస్తుల కోసమే పెడతారనీ, దాని మీదే లాభం ఎక్కువనీ ఒక నమ్మకం ఉంది. డేవిడ్ డి మెజా, విక్రమ్ పథానియా అనే ఆర్థికవేత్తలు లండన్ రెస్టారెంట్ల జాబితాలు తీసి లెక్క వేస్తే అది నిజం కాదని తేలింది. లాభం శాతం ఎక్కువగా ఉన్నది మధ్య ధరల దగ్గర. కాబట్టి కింది నుంచి రెండోది తీసుకుంటే ఎవరో నవ్వుతారని బాధపడకండి.

750 మిల్లీలీటర్ల సీసాలో 150 చొప్పున ఐదు గ్లాసులొస్తాయి. గ్లాసు ధరని, ఆ సీసాని తాము కొన్న ధర దగ్గర పెట్టడం పాత సూత్రం. మొదటి గ్లాసుతోనే పెట్టుబడి వెనక్కొస్తుంది. కాబట్టి ఇద్దరూ ఒకే వైన్ రెండేసి గ్లాసులు తాగేటట్టుంటే సీసా ధరతో పోల్చి చూసుకోండి. మిగిలింది మూత బిగించి ఇంటికి తీసుకెళ్ళడానికి కాలిఫోర్నియాలో ఒప్పుకుంటారు, కారు డిక్కీలో పెట్టుకోండి. అమ్మకం పన్నూ టిప్పూ వైన్ మీద కూడా పడతాయని మరిచిపోవద్దు. వంద డాలర్ల సీసా ఇంటికి చేరేసరికి దాదాపు నూటముప్ఫై అవుతుంది. కొన్ని చోట్ల సర్వీస్ ఛార్జీ ముందే కలిపేస్తారు, దాని మీద మళ్ళీ టిప్పు ఇవ్వక్కర్లేదు.

మీ సొంత సీసా తీసుకెళ్ళాలనుంటే ముందు ఫోన్ చేయండి. కార్కేజ్ అని ఒక రుసుం తీసుకుంటారు. వాళ్ళ జాబితాలో ఉన్నదే తీసుకెళ్ళడం మర్యాద కాదు. తెరిచాక వైన్ చూసే ఆయనకో ఆవిడకో ఒక గుక్కెడు ఇవ్వజూపితే చాలా సంతోషిస్తారు.

వంటింటితో కుదురుతోందా

ఫామ్ టు టేబుల్ అంటే సగానికి పైగా కూరగాయలే. కూరగాయలు వైన్‌కి కష్టమైన జోడీ. వసంతంలో కాలిఫోర్నియా మెనూల్లో ఆర్టిచోక్, ఆస్పరాగస్ లేని రోజుండదు. అమెరికాలో పండే ఆర్టిచోక్ దాదాపు అంతా ఈ రాష్ట్రానిదే, కాస్ట్రోవిల్ ఊరు దానికి పేరుపడింది. అందులో సైనరిన్ అనే పదార్థం ఉంటుంది. అది నాలుకని మాయ చేసి, తరవాత తాగిన ప్రతిదాన్నీ తియ్యగా అనిపించేలా చేస్తుంది. ఆస్పరాగస్‌లోని గంధక పదార్థాలు ఓక్ పీపాల్లో పండిన వైన్‌నీ, వగరు ఎక్కువున్న ఎర్ర వైన్‌నీ ఇనప రుచికి దింపుతాయి. వీటికి పులుపు తేలిన తెల్ల వైన్లు కావాలి: సావిన్యో బ్లాన్, ఆస్ట్రియా గ్రూనర్ వెల్ట్‌లీనర్, పొడి రోజే. మెనూ నిండా ఏప్రిల్ కూరగాయలుండి, గ్లాసు పట్టీలో వెన్నలా బరువైన షార్డొనే, నల్లటి క్యాబర్నే తప్ప మరేం లేకపోతే, ఆ రెస్టారెంటు స్టేక్ హౌస్ జాబితాని తెచ్చి పొలం బొమ్మ అతికించింది. నేను గ్లాసు పట్టీ ఒక్కటి చూసే సగం తీర్పు చెప్పేస్తాను. సీసాల జాబితా డబ్బుంటే ఎవరైనా నింపొచ్చు. గ్లాసుల పట్టీ నింపాలంటే ఆ వారం వంటింట్లో ఏం ఉడుకుతోందో తెలియాలి.

పండుమిరపకాయతో చేసిన వంటకం ఏదైనా వస్తే, ఆల్కహాల్ శాతం తక్కువున్న, కాస్త తీపి తగిలే రీస్లింగ్ అడగండి. ఆల్కహాల్ ఎక్కువైతే కారం మంట పెరుగుతుంది.

శాకాహారులకి ఒక సంగతి ఎవరూ చెప్పరు. వైన్ తేటపడటానికి కోడిగుడ్డు తెల్లసొన, పాలలోని కేసిన్, జంతు జిలాటిన్, చేప ఈత తిత్తి నుంచి తీసిన ఐసిన్‌గ్లాస్ వంటివి వాడే అలవాటు పాతది. అవి మడ్డిని పట్టుకుని కిందికి దిగిపోతాయి, తరవాత వడకడతారు. బెంటోనైట్ అనే బంకమన్నుతోనూ ఇదే పని చేయొచ్చు. అసలు తేటపరచకుండా అలాగే నింపేవాళ్ళూ ఉన్నారు. అమెరికా లేబుల్ మీద ఇది రాయక్కర్లేదు. కాబట్టి గుడ్డు కూడా తినని ఇంట్లోంచి వచ్చినవాళ్ళు ‘ఇది దేనితో తేటపరిచారు’ అని అడగాలి. ఈ ప్రశ్నకి అక్కడికక్కడే జవాబు తెలియకపోవడం తప్పు కాదు. ‘కనుక్కుని చెప్తాను’ అని వెళ్ళి నిజంగా కనుక్కుని వచ్చారా లేదా అన్నదే చూడాలి. జంతు పదార్థం తగలనివి ఏవో తమకి ముందే తెలిసిన చోటు దొరికితే ఆ ఫోన్ నంబరు దాచుకోండి.

అడగడం

నూజివీడు మామిడా, ఉలవపాడు మామిడా అని బుట్ట దగ్గర నిలబడి అడగడానికి మనలో ఎవరూ సిగ్గుపడరు. అదే మనిషి, రెస్టారెంటులో వైన్ చూసే సొమెలియే ముందు ఎందుకు ముడుచుకుపోతాడు? ఉచ్చారణ తప్పుతుందని భయం. తక్కువ ధర చెప్తే చులకన అవుతామని భయం. ఈ రెండూ ఒక్క వేలితో తీరిపోతాయి. జాబితా తెరిచి, మీకు నచ్చిన ధర మీద వేలు పెట్టి, ‘ఇలాంటిది ఏదైనా చెప్తారా, మేం తీసుకుంటున్నవి ఇవీ ఇవీ’ అనండి. పేరు పలకక్కర్లేదు, అంకె పైకి అనక్కర్లేదు, బల్ల దగ్గర ఉన్నవాళ్ళకి తెలియక్కర్లేదు. ఈ సైగ ఆ వృత్తిలో అందరికీ తెలుసు. ఆయన ఆ ధర దగ్గరే రెండు చూపిస్తే మంచివాడు. ఒకటి దానికంటే తక్కువది చూపించి, ‘ఇవాళ మీ వంటకాలకి ఇది ఇంకా బాగుంటుంది’ అంటే ఆ రెస్టారెంటుని వదలకండి. ప్రతిసారీ వేలు పైకే జరిపిస్తుంటే, మీ సాయంత్రం మీద ఆయనకి టార్గెట్ ఉందని తెలుసుకుని, మీరు ముందురోజు రాత్రి చూసుకున్నది చెప్పేయండి.

తరవాత అడగాల్సింది, ‘దీన్ని ఎవరు పండించారు?’ జవాబు రెండు రకాలుగా వస్తుంది. ఒక రకం, ‘చాలా స్మూత్‌గా ఉంటుంది సార్, మాకు బాగా అమ్ముడుపోతుంది.’ రెండో రకం, ‘ఇది ఒక అక్కాతమ్ముళ్ళ తోట, సముద్రం మంచు సాయంత్రానికే దిగుతుంది, అందుకే పులుపు నిలుస్తుంది, పోయిన ఏడాది పంట తక్కువైంది, మాకు రెండు కేసులే వచ్చాయి.’ మీకు వైన్ గురించి ఏమీ తెలియకపోయినా ఈ రెండిటి తేడా తెలుస్తుంది. మూడో ప్రశ్న నాకు ఇష్టమైనది: ‘ఈ జాబితాలో మీరు ఎక్కువగా ఇష్టపడేది, ఎవరూ అడగనిది ఏది?’ ఈ మాట వినగానే కొందరి కళ్ళు వెలుగుతాయి. వెలగని చోట, మర్యాదగా గ్లాసు వైన్‌తో సరిపెట్టుకోండి.

ఇక్కడ మనవైపు నుంచి కూడా ఒక బాధ్యత ఉంది. కొత్తగా ఉద్యోగంలోకొచ్చిన వెయిటర్‌ని, ఇంటర్నెట్‌లో చదివి వచ్చిన పరిజ్ఞానంతో నలుగురి ముందు పరీక్ష పెట్టడం సంస్కారం కాదు. మీరు తూచాల్సింది యాజమాన్యాన్ని. ‘వైన్ చూసే వాళ్ళతో ఒకసారి మాట్లాడొచ్చా?’ అంటే చాలు.

సీసా తెరిచాక

లేబుల్ చూపిస్తే ఊరికే తల ఊపకండి. అడిగిన పేరేనా, అడిగిన ఏడాదేనా చూడండి. తరవాత రెండు చుక్కలు పోసి మీవైపు చూస్తారు. నచ్చిందా అని అడుగుతున్నారని చాలామంది అనుకుంటారు. వైన్ పాడయిందా లేదా చెప్పమని అడగడం అది. వాసన చూస్తే చాలు. వానకి తడిసి ఆరిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్‌లో చేరిన టీసీఏ అనే పదార్థం పని అది. తోట తప్పూ కాదు, రెస్టారెంటు తప్పూ కాదు. ‘ఇది కాస్త తేడాగా ఉంది, చూస్తారా?’ అంటే మంచి చోట వాళ్ళే వాసన చూసి, మారు మాట్లాడకుండా ఇంకొకటి తెస్తారు.

గ్లాసు వైన్ అయితే ‘ఈ సీసా ఎప్పుడు తెరిచారు?’ అని అడగొచ్చు. నిన్న మధ్యాహ్నం తెరిచి కౌంటర్ మీద వదిలేసింది చప్పబడిపోయి ఉంటుంది. 2013లో మార్కెట్లోకి వచ్చిన కోరవిన్ అనే పరికరం ఉంటే మాట వేరు. సూదితో కార్క్ గుచ్చి, లోపలికి ఆర్గాన్ వాయువు పంపి, కార్క్ తీయకుండానే వైన్ తీస్తారు. అలా ఖరీదైన సీసా కూడా గ్లాసు చొప్పున అమ్మగలుగుతారు. ఉక్కు పీపాల నుంచి కుళాయితో పోసే వైన్‌ని చూసి చిన్నచూపు చూడకండి. 19.5 లీటర్ల పీపా ఒకటి 26 సీసాలకి సమానం. గాజు రవాణా తగ్గుతుంది, చివరి గ్లాసు దాకా తాజాగా ఉంటుంది. పొలం గురించి మాట్లాడే రెస్టారెంటుకి ఇంతకంటే తగిన ఏర్పాటు లేదు.

ఎర్ర వైన్ గ్లాసు చేతికి వెచ్చగా తగిలితే దాన్ని పొయ్యి పక్కన నిలవ చేశారన్నమాట. ఎర్రదానికి 15 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. పది నిమిషాలు ఐసు బకెట్‌లో పెట్టమనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

తాగనివాళ్ళ గ్లాసు

బల్ల దగ్గర తాగనివాళ్ళు ఒకరైనా ఉంటారు. అత్తగారు, గర్భిణి, బండి నడపాల్సినవాళ్ళు, ఇష్టంలేనివాళ్ళు. వాళ్ళకి కోకో సోడానో ఇచ్చి ఊరుకునే రెస్టారెంటు, వైన్ ఎంత గొప్పగా పోసినా, నా లెక్కలో సగం మార్కులే. తోటలో పండిన ఆకులూ పండ్లూ వంటింట్లోనే ఉన్నప్పుడు వాటితో వంటకానికి తగిన పానీయం చేయడానికి బద్ధకం తప్ప అడ్డేముంది? హీల్డ్స్‌బర్గ్‌లో కైల్, కటీనా కొనాటన్ దంపతులు నడిపే సింగిల్ థ్రెడ్‌లో, భర్త వంటిల్లు చూస్తే భార్య పొలం చూస్తారు. అక్కడ వైన్ వరసలాగే ఆల్కహాల్ లేని పానీయాల వరస కూడా ప్రతి వంటకానికీ జతగా ఇస్తారు.

వైన్ వరస తీసుకుంటే మాత్రం మొదటే పరిమాణం అడగండి. ఒక్కోటి చిన్నదిగానే కనిపిస్తుంది. 75 మిల్లీలీటర్ల చొప్పున ఎనిమిది వంటకాలకి ఎనిమిదంటే 600, అంటే దాదాపు సీసా అంతా ఒక్కరే తాగినట్టు. సగం పరిమాణంలో పోస్తారా, ఇద్దరి మధ్య ఒక వరస పంచుకోవచ్చా అని అడిగితే మంచి చోట నవ్వుతూ ఒప్పుకుంటారు.

కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం చేరితే బండి నడపడం నేరం. అక్కడ వీసా మీద ఉన్నవాళ్ళని మద్యం తాగి బండి నడిపినందుకు అరెస్టు చేస్తే, కోర్టులో కేసు తేలకముందే కాన్సులేట్ వీసా రద్దు చేయగలదు. బిల్లు అడగబోయే ముందే ఫోన్ తీసి క్యాబ్ పిలవండి, కారు రేపు తెచ్చుకోవచ్చు.